దూరపు కొండల నునుపు

మా వేమగల్ చెరువుకట్టమీద సాయంకాలమున నిలిచి కోలారు దిక్కునకు దృష్టి సారించినచో, నడుమనున్న మల్బరీ తోటలును, రాగిచేలును, నీలగిరి తోపులును ఒకదాని వెనుక నొకటిగా మసకబారిపోగా, అన్నిటికిని ఆవల శతశృంగ పర్వతము ఉతికి ఆరవేసిన నీలిగుడ్డవలె మెత్తగా కనబడును. బాల్యమున నేను ఆ మెత్తదనమును నమ్మితిని. మా అవ్వ నన్ను మొదటిసారి ఆ కొండమీది అంతరగంగకు తీసికొనిపోయిన నాటికి నాకు ఏడేండ్లుండవచ్చును. మెట్లకు ప్రక్కనున్న బండను, అది నీలముగా లేదే యని ఆశ్చర్యపడుచు, రెండు చేతులతోను తడిమి అరచేయి గీచుకొంటిని. "ఏమప్పా, నున్నగుండాదా?" అని అవ్వ అడిగి, కొంగుతో నా చేయి తుడిచినది. దూరపు కొండలు నునుపు అను సామెతకు నాకు అర్థము తెలిసినది ఆ దినముననే. అయితే ఆ సామెతను మనవారు మోసపోయినవారి విషయముననే వాడుదురు. దూరపు నునుపు అబద్ధమనియు, దగ్గరి గరుకే నిజమనియు దాని తాత్పర్యము. నలుబది యేండ్లు గడచిన పిదప బెంగళూరులో ఒక చిత్రకారుని కొండలయెదుట నిలిచినప్పుడు ఆ తాత్పర్యము నాకు చాలకపోయినది. ఆ పటములో నునుపును గరుకును ఒక్కచోటనే ఉన్నవి, ఒకదానినొకటి కాదనుట లేదు. ఆ చిత్రకారుడు నికొలస్ రోరిక్.

నాకు రోరిక్ పరిచయమైనది ముందుగా ఒక అచ్చుప్రతి వలన. మా ఊర ఉపాధ్యాయులొకరు పాత పత్రికలనుండి కత్తిరించి అట్టకు అంటించి దాచుకొన్న బొమ్మలలో 1924లో వ్రాసిన "జీవన బిందువులు" అను చిత్రమొకటి ఉండెను. కొండయంచున కూర్చున్న స్త్రీ, రాతినుండి సన్నని ధారగా దిగు నీరు, దానికొరకు వేచియున్న కడవ, వెనుక మంచులోనుండి లేచిన పర్వతములు: ఇంతే అందులోని వస్తువు. అంతరగంగలో బసవన్న నోటినుండి పడు నీటిని చూచి పెరిగినవానికి, ఎండకాలమున చెరువులెండిన పిదప బిందెలు వరుసపెట్టి గంటలకొలది కూర్చుండు అక్కలను, వదినెలను చూచినవానికి, ఆ బొమ్మ వెంటనే మన ఇంటిబొమ్మగా తోచుట వింత కాదు. నేను ఆమె యెవరో, కడవ దేనికి గుర్తో, నీరు దేనికి గుర్తో వరుసగా ఊహించి చెప్పుకొంటూ పోగా, ఆ పెద్దాయన శాంతముగా విని, "ఆమెను బొటనవ్రేలితో మూసి మళ్లీ చూడు నాయనా" అనిరి. మూసితిని. ఆమె పోయినను ఆ నిరీక్షణ పోలేదు. అది ఆ నీలిమలోనే నిలిచియున్నది. పిమ్మట నీలిమను కప్పి ఆమెను మాత్రము చూడుమనిరి. నీళ్లకు వచ్చిన స్త్రీ యొకతె మాత్రమే మిగిలినది. చిత్రమును చూచు విద్యలో నాకు లభించిన మొదటి పాఠమదియే. ఇప్పటికిని ఎవరేని ప్రతీకవాద చిత్రమును ఎట్లు చూడవలెనని అడిగినచో ఆ బొటనవ్రేలి ఉపాయమునే చెప్పుదును.

ప్రతీకవాదమను పేరు సాహిత్యమునుండి వచ్చినది. 1886 సెప్టెంబరు 18వ తేదీన జాన్ మొరెయాస్ అను కవి పారిస్‌లోని లె ఫిగారో పత్రికలో ఒక ప్రకటన వెలువరించి, వస్తువును ఉన్నది ఉన్నట్లు వర్ణించుటతో తృప్తిపడక, లోపలి భావమునకు ఇంద్రియగోచరమైన రూపమును తొడుగుటయే తమ మార్గమని చాటెను. చిత్రకారులు ఆ మాటను తమదిగా చేసికొనిరి. కాని వారిలో రెండు తెగలు కనబడును. బోక్లిన్ వంటివారు అర్థమును వస్తువులయందే నిలిపిరి. 1880 మొదలు 1886 వరకు ఆయన ఐదు మారులు వ్రాసిన "మృతుల ద్వీపము"లో నల్లని సైప్రస్ చెట్లును, తెల్లని వస్త్రమున నిలిచిన ఆకారమును, పడవయు లేనిచో కథ లేదు. రెండవ తెగవారికి వస్తువు ఒక ఆధారము మాత్రమే. లిథువేనియాకు చెందిన చుర్లియోనిస్ స్వయముగా సంగీతకర్త యగుటచేత రంగులను స్వరములవలె నడిపెను. రోరిక్ ఈ రెండవ పంక్తిలోనివాడు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమునందు ఆనందవర్ధనుడు కావ్యమునకు ధ్వనియే ఆత్మయని స్థాపించి, వాచ్యార్థమును దాటి మ్రోగు అర్థమును గూర్చి విచారించినప్పుడు, అది అవయవములలో ఏదియు కాకయే అవయవములన్నిటిపైని తోచు లావణ్యమువంటిదనెను. ఆ లక్షణమును ఇచ్చటికి తెచ్చుటలో సాహసము లేదని నా నమ్మకము. కొండ, కడవ, గుఱ్ఱము, గుడి అవయవములు. రంగును రంగు పరచిన తీరును లావణ్యము.

రోరిక్ 1874లో పీటర్స్‌బర్గ్ నగరమున జన్మించి, అచ్చటి కళాపరిషత్తులో ఆర్ఖిప్ కుయింజీ శిష్యుడయ్యెను. ఈ గురువును గూర్చి ఒకమాట చెప్పక ముందునకు పోరాదు. 1880లో కుయింజీ ద్నీపర్ నదిపై వెన్నెలరాత్రిని చిత్రించి, చీకటిగదిలో ఆ ఒక్క పటమునే దీపకాంతిలో ప్రదర్శించగా, జనులు బారులు తీరి వచ్చి, చంద్రుని వెనుక దీపమేమైన దాచిరాయని పటము వెనుకకు తొంగిచూచిరట. కాని ఆయన వాడిన తారువంటి ద్రవ్యము కాలక్రమమున నల్లబడి, ఆ వెన్నెల నేడు కొంత కాటుకబారినది. ఆ గురువు చేతిక్రింద తేరిన శిష్యుడు నూనెరంగులను విడిచి టెంపెరా అను నూనెలేని పూతను పట్టుటకు ఇది ఎంతవరకు కారణమో నిర్ణయింపబూనను గాని, వెలుగును ప్రాణముగా భావించు చిత్రకారునికి నల్లబడు పూత కంటె దుఃఖకరమైనది ఉండదు. రోరిక్ పురాతత్త్వ పరిశోధకుడు, రంగస్థల శిల్పి. 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ "వసంతోత్సవ" నృత్యనాటకమునకు తెరలును వేషములును కూర్చినవాడు. 1923 చివర భారతదేశమునకు వచ్చి, 1924లో డార్జిలింగ్‌నందు నిలిచి, 1925 నుండి 1928 వరకు మధ్య ఆసియా ఎడారులను, టిబెట్టును దాటి, కడపట కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, 1947 డిసెంబరులో అచ్చటనే కన్నుమూసెను. ఆయన చిత్రములు సుమారు 7000 అని చెప్పుదురు. ఆయన రచనలను మన ప్రభుత్వము జాతీయ కళానిధులుగా ప్రకటించుటచేత, ఈ దేశముననున్నవి ఎల్లలు దాటి పోరాదు.

ఇక నీలిమను గూర్చి నిదానముగా మాటాడుకొందము. ఏలయన రోరిక్‌ను చూచినవారెల్లరు మొదట చెప్పునది ఆ రంగే, చెప్పి ఊరకుండునదియు ఆ రంగే. శతశృంగము దగ్గర గోధుమవన్నెలోను బూడిదవన్నెలోను ఉండి, మా చెరువుకట్టనుండి నీలముగా కనబడుటకు కారణము ఆ బండలలో లేదు. నాకును కొండకును నడుమనున్న గాలి, సూర్యకాంతిలోని నీలికిరణములను తక్కినవానికంటె ఎక్కువగా చెదరగొట్టి, ఆ చెదరిన నీలిమను కొండమీద తెరవలె కప్పును. కనుక ఆ నీలము కొండ రంగు కాదు, ఎడము యొక్క రంగు. మన భాషలో ఎడమును ఎడబాటును ఒక్క మూలమునుండియే పుట్టినవను సంగతిని ఇచ్చట తలచుకొనక తప్పదు. చిత్రకారుడు కుంచెను నీలములో ముంచినప్పుడు ఆయన కొండను వ్రాయుట లేదు, కొండకును తనకును గల దూరమును వ్రాయుచున్నాడు. అందుచేతనే "జీవన బిందువుల"లో ఆమెను మూసినను నిరీక్షణ చెరగలేదు.

అయితే నీలము వాడినవారెల్లరు రోరిక్‌లు కాజాలరు. మన మైదానపు గాలిలో ధూళియు తేమయు మెండు. అందుచేత మా కొండల అంచులు దూరమునకు పోయినకొలది కరగిపోవును. పల్చని, పరిశుద్ధమైన హిమాలయ వాయువులో అట్లు జరుగదు. డార్జిలింగ్‌నుండి 70 కిలోమీటర్లకు పైబడిన దూరమున, 8586 మీటర్ల యెత్తున నిలిచిన కాంచనగంగ అంచు కత్తితో కోసినట్లుండును. రంగు చూడగా దూరము, గీత చూడగా దగ్గర. ఈ విరోధమునే రోరిక్ తన వ్యాకరణముగా చేసికొనెను. ఆయన పర్వతపంక్తులను ఒకదానిలోనికి ఒకటి కరగనీయడు. మెట్లుమెట్లుగా, ఒక్కొక్క పంక్తికి ఒక్కొక్క ఛాయ నిచ్చి, నెమలికంఠపు పచ్చనీలమును, కలువరేకు ఊదాను, రాత్రి ముదిరిన నల్లనీలమును పక్కపక్కనే అంచు గట్టి నిలుపును. ముందున్న నేల తరచుగా చీకటి. దూరపు శిఖరమే వెలుగు. నిత్యజీవితమున దగ్గరిది స్పష్టముగను దూరపుది మసకగను ఉండుటకు అలవడిన మన కన్ను ఇచ్చట ఎదురుత్రోవను నడువవలసివచ్చును. ఈ నీలముల సమూహములో ఎచ్చటనో ఒకచోట, పటము మొత్తమునకు ధాన్యపుగింజయంత, ఒక పసుపో కుంకుమయో కనబడును: కిటికీలోని దీపము, లామా వస్త్రము, శిఖరమున తాకిన తొలియెండ. ఆ చిన్న వేడిరంగును చూచిన వెంటనే చుట్టునున్న చలి రెట్టింపగును. దానిని కూడ బొటనవ్రేలితో మూసి చూడుడు. నీలమంతయు ఒక్కసారి చప్పబడిపోవుట కన్నులార కనబడును.

విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము ప్రేక్షకులను వర్గీకరించుచు, ఆచార్యులు రేఖను మెచ్చుదురనియు, విచక్షణులు ఛాయానిర్వహణమైన వర్తనను మెచ్చుదురనియు, స్త్రీలు ఆభరణములను కోరుదురనియు, తక్కిన సామాన్య జనులు రంగుల మెండుదనమునకు మురియుదురనియు చెప్పినది. ఆ మహాగ్రంథమునెడ భక్తి యుండియు, ఈ వరుసను నేను అంగీకరింపజాలను. సామాన్యుడు రంగుకు మురియుట అతని కొరత కాదు. మా అవ్వకు రేఖాశాస్త్రము రాదు, అయినను చీరెల అంగడిలో రెండు ఎరుపుల నడుమనున్న భేదమును ఆమె కన్ను పట్టినట్లు నా కన్ను నేటికిని పట్టదు. ప్రతీకవాద ప్రకృతిచిత్రము ఆ సామాన్యుని మురిపెమునే పట్టుకొని, దానిని తలుపుగా చేసి, లోపలికి పిలుచును.

రంగు అచ్చుప్రతిలో కొంతవరకైన మిగులును. చిత్రపు మేను మిగులదు. ఈ సత్యము నాకు తెలియుటకు బెంగళూరు పోవలసివచ్చినది. వేమగల్‌నుండి బస్సెక్కి, 1960లో స్థాపింపబడిన కర్ణాటక చిత్రకళాపరిషత్తుకు పోయి, అందు రోరిక్ తండ్రీకొడుకుల చిత్రములున్న గదిలో అడుగుపెట్టినప్పుడు నన్ను ముందుగా నిలిపివేసినది కాంతి లేకపోవుట. అనగా పటములు చీకటిగా నున్నవని కాదు. నూనెచిత్రములకు ఉండు నిగనిగ వానికి లేదు. అద్దములోవలె దీపమును మన ముఖముపై తిప్పికొట్టక, వచ్చిన వెలుగును తమలో ఇముడ్చుకొని మెల్లగా విడిచిపెట్టుచున్నవి. ఏండ్లతరబడి నేను నునుపైన కాగితముపై చూచి నునుపనుకొన్న ఆ కొండలు, దగ్గరకు పోగా, గుడ్డ నేతలోని పడుగుపేకలు కనబడునంత పలుచని పూతతో ఒకచోటను, పొడిగా రాసిన కుంచె గీతలతో మరియొకచోటను గరుకుతేలి యున్నవి. అరచేయి అప్రయత్నముగా లేచినది. చిత్రమును తాకరాదు గనుక దింపుకొంటిని.

టెంపెరా యనగా వర్ణచూర్ణమును నూనెతో గాక గుడ్డుసొనతోనో జిగురుతోనో కలిపి పూయు ప్రాచీన పద్ధతి. దీనిని మాటలతో చెప్పుటకంటె మా ఊర కన్నులతో చూపుట సులభము. ఎండిన ఎర్రనేలపై వానచినుకు పడినచోట మన్ను ముదురురంగు దేరును. మన్ను మారలేదు, రేణువుల నడుమనున్న గాలి పోయి నీరు నిండినది, అందుచేత వెలుగు పైపైన చెదరక లోనికి దిగి నశించినది. నూనె చేయు పనియు అదియే: ప్రతి రేణువును తడిపి, ముంచి, లోతును నిగారింపును ఇచ్చును. టెంపెరాలో బంధకము కొద్దిపాటి. రేణువులు పొడిగా, గాలికి తెరచుకొని యుండుటచేత, వెలుగు వానిపై పడి అన్ని దిక్కులకును చెదరును. ఎండిన నేలవలె రంగు లేతగను, తేటగను, పొడిపొడిగను నిలుచును. మా ప్రాంతమున సున్నములో నీలిమందు కలిపి గోడలకు కొట్టు అలవాటు ఇంకను ఉన్నది. బట్టలకు పెట్టు ఆ నీలిమందు, చిత్రకారులు వాడు కృత్రిమ లాజవర్ద నీలము, రెండును ఒక జాతివే. గోడకు ఆనుకొని కూర్చుండి లేచినవాని వీపున నీలము అంటుకొనును. ఆ అంటుకొను గుణము, ఇంకను పొడిగానే ఉన్నదను భ్రాంతి, రోరిక్ ఆకాశములయందు ఉన్నది.

పట్టుపురుగులను పెంచువారికి మరియొక ఉపమానము చెప్పవచ్చును. చంద్రిక తట్టలనుండి విప్పిన గూళ్లనుండి తీసిన పచ్చిదారము మెరయదు. దానిని అంటియున్న జిగురు ఉడుకబెట్టి తీసిన పిదపనే పట్టునకు మనమెరిగిన మెరపు వచ్చును. మెరపు వచ్చిన దారము అందమైనదే. కాని పచ్చిదారమును వ్రేళ్లమధ్య రాసినప్పుడు కలుగు బిరుసు అందులో ఉండదు. రోరిక్ ఆ జిగురును ఉంచుకొనెను. పెండ్లిచీరెకు కావలసిన తళుకు పర్వతమునకు అక్కరలేదని ఆయన ఎరుగును.

చిత్రసూత్రము వర్తనను మూడు విధములుగా చెప్పినది: ఆకు ఈనెలవంటి గీతలతో పత్రజము, మిక్కిలి సన్నని రేఖలతో ఐరికము, చుక్కలతో బిందుజము. ఈ మూటికిని పోలికలు రోరిక్ కొండలలో వెదకుట నాకొక వ్యసనమైనది. మంచు కరగిన కొండపక్కలపై ఈనెలవంటి గీతలు దిగజారును. ఆకాశమున పొడికుంచె విదిలించిన చుక్కలు నక్షత్రములో ధూళియో తెలియకుండును. వీనికంటెను నన్ను ఆకర్షించునది మరియొకటి. పూతలోని గతి కొండ నిలిచిన తీరును అనుసరించును: శిఖరమునొద్ద కుంచె నిలువుగా లేచును, లోయలోని మంచునొద్ద అడ్డముగా సాగును, బండయొద్ద విరిగి విరిగి ఆగును. మా అవ్వ పేడనీళ్లతో వాకిలి అలుకునప్పుడు ఆమె వ్రేళ్లు అర్ధచంద్రాకృతిలో తిరుగుచు వెనుకకు జరుగుచు పోవును. ఎండిన పిదప ఆ నేలను చూచి ఆమె ఏ మూల మొదలుపెట్టి ఏ గడపయొద్ద ముగించినదో చెప్పగలిగియుంటిమి. చిత్రపు మేనును చదువుట ఇట్టిదే. చేయి ఎచ్చట తొందరపడినది, ఎచ్చట నిలిచినది, ఎచ్చట అడుగుపూతను పూయకయే విడిచినది అను వార్తలన్నియు అందులో ఉన్నవి. వానిని చదువుటకు పటమునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలిచి, వెలుగు ఏటవాలుగా పడునట్లు చూడవలెను. గుడ్డమీది చిన్ని ఎత్తుపల్లములు అప్పుడు నీడలు పరచి తమ్ము తాము చూపుకొనును. పిదప పదియడుగులు వెనుకకు పోయినచో అవియన్నియు మాయమై కొండ మరల నునుపగును. ఈ రాకపోకలు పదిసార్లు చేయనివారు చిత్రమును చూచిరనుట కష్టము.

మన ప్రాంతపు చిత్రకళకు ఈ మేనిగుణము కొత్త కాదు. కోలారునుండి ఒక పూటలో చేరదగిన లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన ఆలయపు పైకప్పున, రాతిపై గచ్చు పూసి వ్రాసిన చిత్రములు కలవు. కావి, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు వానిలో రాజ్యమేలును, నీలము అరుదు. రాతియొక్క గరుకు గచ్చునుండి, గచ్చు రంగునుండి తొంగిచూచును. శ్రీకాళహస్తి కలంకారిలో రంగు గుడ్డమీద నిలువక గుడ్డలోనికి ఇంకును: కరక్కాయ, పాలు పట్టించిన నూలుపై, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసి చేసిన కసిమి తగులగానే నల్లగా మారుటలో చేతికంటె రసాయనమునకే ఎక్కువ ప్రమేయము. ఈ రెంటిలోను కథయే ప్రధానము, ప్రకృతి కథకు పందిరి. కొండనే కథానాయకుని చేసిన చిత్రము మనవైపు ఆలస్యముగా వచ్చినది. మైసూరు ఆస్థాన చిత్రకారుల కుటుంబమునందు 1886లో పుట్టి, కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుకు శిష్యుడై తిరిగివచ్చిన కె. వెంకటప్ప, ఊటీ కొండలను నీటిరంగులతో చిత్రించెను. ఆ చిత్రములు బెంగళూరులో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఉన్నవి. వెంకటప్ప మార్గము రోరిక్ మార్గమునకు నేరుగా ఎదురు. ఆయన కాగితపు తెల్లదనమునే వెలుగుగా వాడి, రంగును నీటిలో పలుచన చేసి, పొరపై పొరగా, శ్వాస తగిలిన అద్దమువలె మసకను కమ్మించును. అచ్చట చేయి కనబడదు. మంచు తానే వచ్చి కాగితముపై కూర్చున్నట్లుండును. వీణావిద్వాంసుడు గూడనైన ఆయన నాదమువలె రంగును సాగదీసెను. రోరిక్ రాతిపై సుత్తిదెబ్బవలె రంగును నిలిపెను. ఒకే దినమున రెండు చిత్రశాలలును చూచి రాదగును. ఒకటి చూచిన కన్నునకు రెండవది ఇంకను బాగుగా కనబడును.

తెలుగువారిలో రోరిక్‌ను చదివినవారు కొందరు. ఆయన ఇంట మసలినవారు సంజీవదేవ్. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో 1914లో పుట్టిన ఈ రైతుబిడ్డ, యౌవనమున హిమాలయములలో సంచరించి, కులూలోయలో రోరిక్ కుటుంబపు ఆతిథ్యమును పొంది, తిరిగివచ్చి, 1999లో తనువు చాలించువరకు ఆ పల్లెనే నివాసముగా చేసికొని కళను గూర్చి వ్యాసములు, లెక్కలేనన్ని లేఖలు వ్రాయుచు, పాస్టెల్‌తో ప్రకృతిదృశ్యములు గీయుచు జీవించెను. "తెగిన జ్ఞాపకాలు" ఆయన ఆత్మకథ. పాస్టెల్ అనగా రంగుపొడిని కడ్డీగా చేసినది. నీరు లేదు, నూనె లేదు. గరుకు కాగితపు పండ్లకు చిక్కినంత రంగే నిలుచును, తక్కినది రాలిపోవును. హిమాలయమును చూచివచ్చినవాడు కృష్ణాతీరపు సమతలములో కూర్చుండి, తుమ్మపూడి పొలాలపై మేఘములను ఆ పొడితో వ్రాసెనని తలచినప్పుడు నాకు కలుగు సంతోషము ఇంతింతయని చెప్పలేను. కొండలు లేని ఊరిలో మేఘములనే కొండలుగా చేసికొనవచ్చును గదా. రోరిక్‌నుండి నేర్వదగినది హిమాలయము కాదని సంజీవదేవ్ జీవితమే నిరూపించినది. అనుకరించి మంచుకొండలను వ్రాసిన అనేకులకు ఆ సంగతి తెలియకపోయినది.

రోరిక్ చిత్రములన్నియు సమానమైనవని నేను చెప్పజాలను. వేలకొలది వ్రాసినవాని చేతిలో ఒక అలవాటు కుదురుకొనుట సహజము. కొన్ని చోట్ల శిఖరము, కాంతిపుంజము, ధ్యానమూర్తి అను మూడును ముందే సిద్ధపరచిన పాళ్లలో వచ్చి పడినట్లుండును. అట్టివానిలో చిహ్నము పెద్దదై పూత పలుచనగును, బొటనవ్రేలితో మూసినచో నిజముగానే ఏమియు మిగులదు. గురువులు, అవతారములు లేని చిన్న పటములే, అరచేయి నాలుగైదు రెట్లంత గుడ్డపై ఒక సాయంకాలపు శిఖరమును మాత్రము వ్రాసినవే, నాకు మిక్కిలి ఇష్టము. పేరు కూడ "హిమాలయములు" అనియే ఉండును. ఆ పటములలో ఆయన ఎవరికిని ఏమియు బోధింపబోక చూచుచున్నాడు.

ఆయన కుమారుడు స్వెతొస్లావ్ కూడ చిత్రకారుడే. 1945లో, వాల్తేరున పుట్టిన నటి దేవికారాణిని వివాహమాడి, పిమ్మట బెంగళూరు శివార్లలోని తాతగుణి తోటలో నివసించి, 1993లో ఈ నేలమీదనే మరణించెను. మరుసటి యేడు ఆమెయు వెళ్లిపోయినది. తండ్రి మంచును ఆశ్రయించెను, కొడుకు మన ఎర్రమట్టిని చూచెను. ఆయన దక్షిణదేశ దృశ్యములలో నేల నారింజవన్నెలో మండును, నీడలు ఊదారంగున పండును. మొదటిసారి చూచినవారు ఇది అతిశయోక్తి యనుకొందురు. చైత్రమాసమున మధ్యాహ్నము దాటిన పిదప కోలారునుండి బంగారుగనుల వైపు పోవు దారిలో ఒక్కసారి కన్నులు తెరచి చూచినవారు అట్లనరు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడిన పిదప అచ్చట మిగిలిన సైనైడు దిబ్బలు, బంగారమును తీసివేయగా విడిచిన రాతిపొడి కుప్పలు, పగటివేళ బూడిదరంగున ప్రాణములేక పడియుండును. ప్రొద్దు వాలునప్పుడు వాని వానకోతల గాళ్లలోనికి ఊదానీడ దిగి, మిట్టలపై పసుపెండ నిలిచి, ఒక అరగంటసేపు అవి ఎవరో వ్రాసిన కొండలవలె ఉండును. ఆ పొడి గాలికి లేచి ఊరిలోనివారి ఊపిరితిత్తులను బాధించునదియే. తరతరములు భూగర్భమున మూడు కిలోమీటర్లకు పైగా దిగి తవ్వినవారి చెమట అందులో కలిసియున్నదియే. ఆ అందమును చూచి సంతోషించుటకు మనస్సు ఒప్పదు, చూడకుండుటకును ఒప్పదు. దానిని చిత్రించువాడు ఆ పొడినే రంగులో కలుపుకొని చిత్రింపవలెనని నా కోరిక.

గడచిన కార్తిక మాసమున, సోమవారమునాడు, మనుమని చేయి పట్టుకొని అంతరగంగ మెట్లెక్కితిని. బసవన్న నోటి నీటిని దోసిట పట్టి త్రాగి, ఇంకను పైకి పోయి, నా అరచేయి గీచిన బండ యిదియే కావచ్చునని ఊహించిన బండమీద కూర్చుంటిమి. అది మునుపటివలెనే గరుకుగా నుండెను. అభ్రకపు తునకలు అక్కడక్కడ తళుక్కుమనుచుండెను. వాడు చేయి ఆనించి చూచి, వెంటనే తీసి, ప్యాంటుకు రాచుకొనెను. పిదప వాయవ్యదిక్కునకు చూపి, "తాతా, మన ఊరు యాడుండాది?" అని అడిగెను. వెదకితిని. తోటలు, తోపులు, క్రొత్తగా లేచిన కర్మాగారముల రేకుకప్పులు ఒకదాని వెనుక నొకటి మసకబారి, అన్నిటికిని ఆవల ఒక నీలి చార కనబడినది. "అదిగో" అంటిని.